చెయ్యి లేని గింజ

ఆవిడ పిల్లల్ని లెక్కపెట్టేది కాదు. చిన్నపిల్లలకు అంకెలు నేర్పడమే పనిగా బతికిన మనిషి గురించి ఇలా చెబితే విడ్డూరంగానే ఉంటుంది. కోడిగుడ్లు లెక్కపెట్టేది, కంచాలు లెక్కపెట్టేది, బాలవాడి పైకప్పు పెంకుల్ని సైతం పిల్లల చేత వరసగా లెక్కపెట్టించేది. పిల్లల తలల్ని మాత్రం ఎంత అవసరం వచ్చినా లెక్కపెట్టేది కాదు.

"బిడ్డల్ని వేలు పెట్టి ఎంచకూడదు మేడమ్. కండ్లు పడతాది" అనేది. ఆ ఊళ్ళో లెక్కపెట్టడాన్ని ఎంచడం అంటారు.

నేను సూపర్‌వైజర్ని. తొంభైల మధ్యలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. వయసు ఇరవై నాలుగు. విరుదునగర్‌లో మా ఇంటి నుంచి పొద్దున్నే బస్సెక్కి కోవిల్‌పట్టి వెళ్ళి, అక్కడి బాలవాడులన్నీ చూసి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేదాన్ని. చంకలో రిజిస్టరు, సంచిలో పిల్లల్ని తూచే వేలాడే తక్కెడ, మొహాన అధికారం. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. నవ్వు వెనకే ఇంకొకటి కూడా వస్తుంది. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆవిడ బాలవాడి ఊరి చివర కాలనీలో ఉండేది. ఇళ్ళల్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆడవాళ్ళు చాలామంది అగ్గిపెట్టెల కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు. అగ్గిపెట్టెను తీపెట్టి అంటారు, కార్ఖానా ఎంత చిన్న రేకుల షెడ్డయినా దాన్ని తీపెట్టి ఆపీసు అనే అంటారు. పిల్లలు ఆవిడను అత్త అని పిలిచేవాళ్ళు. నాకంటే పాతికేళ్ళు పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను మేడమ్ అనేది. ఆ పిలుపు నాకు భలే నచ్చేది.

ఆవిడ ఎప్పుడూ గడప మీద అడ్డంగా కూర్చునేది. ఒక కన్ను లోపలి పిల్లల మీద, ఇంకో కన్ను బయటి రోడ్డు మీద. ఎడమచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తూనే ఉండేది. ఏం లెక్కిస్తోందో తెలియదు. రోడ్డు మీద తీపెట్టి ఆపీసు వ్యాను హారన్ వినపడగానే పాఠం ఏ అంకె దగ్గరుంటే అక్కడే ఆగిపోయేది. పిల్లలకు అది అలవాటు. ఏడు దగ్గర ఆగితే ఏడో గింజ మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చునేవాళ్ళు. ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం తాకి చూసి, వ్యాను పోయేదాకా అక్కడే నిలబడేది. పోయాక "ఆ, ఎనిమిది" అనేది. ఆ వ్యానుల్లో పెద్దవాళ్ళతో పాటు పదేళ్ళ పిల్లలు కూడా ఎక్కి పోయే రోజులవి. అక్క ఎక్కితే వెనకాల చెల్లెలు పరిగెత్తేది.

"ఎప్పుడైనా ఏమైనా జరిగిందా అక్కా, అంత భయపడతావు?" అని ఒకసారి అడిగాను.

"ఏమీ జరగలేదు మేడమ్. ఇంగా జరగలేదే అనే బయం" అంది.

పిల్లల్ని లెక్కపెట్టదు కదా, మరి అందరూ ఉన్నారో లేదో ఎలా తెలుస్తుంది? దానికి ఆవిడ దగ్గర ఒక పాలపొడి డబ్బా ఉండేది. ప్రతి పిల్లకీ ఒక గింజ. ఒకడిది చింతగింజ, ఒకతెది వేపగింజ, ఇంకొకడిది సీతాఫలం గింజ. ఇద్దరికి ఒకే రకం వస్తే ఒకదానికి ఎర్రదారం చుట్టేది. పొద్దున రాగానే పిల్ల తన గింజను డబ్బాలో టక్కుమని వేయాలి. సాయంత్రం తన గింజను తానే ఏరుకుని ఇంటికి పట్టుకుపోవాలి. డబ్బా ఖాళీ అయితే అందరూ ఇల్లు చేరినట్టే. ఖాళీ డబ్బాను బోర్లించి, అడుగున రెండుసార్లు కొట్టి, అప్పుడు ఊపిరి పీల్చుకునేది.

అంకెలు నేర్పడం కూడా ఆ గింజలతోనే. పిల్ల వచ్చిన మొదటి నెలంతా ఆవిడ నోట ఒకటి రెండు అనే మాటే వచ్చేది కాదు. పొలాల నుంచి తెచ్చిన పత్తిగింజలు, జొన్నలు, మినుములు, ధనియాలు చేటలో కలిపి పోసి వేరుచేయించేది. నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు. తర్వాత పెద్దవీ చిన్నవీ. తర్వాత పుచ్చినవీ మంచివీ. పక్క బాలవాడుల్లో పిల్లలు అప్పటికి ఇరవై దాకా గడగడా అప్పజెబుతుంటే, ఇక్కడ పిల్లలు చేటల ముందు కూర్చుని ఉండేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

"ఇదేంటక్కా, పైనుంచి ఎవరైనా వస్తే ఇరవై దాకా చెప్పమంటారు. చెప్పకపోతే నాకు చీవాట్లు."

"చెప్తారు మేడమ్, చెప్తారు. ఏరినాకే ఎంచేది. ఏది ఏదో తెలీకుండా ఎన్నో తెలిసి ఏం చేసేది?"

ఏరినాకే ఎంచేది. రోజుకు పదిసార్లు అనేది ఆ మాట. చివరికి ఆవిడ పిల్లలు లెక్క మొదలుపెట్టాక కూడా గొడవే. కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఈవిడా అదే నేర్పింది. ఒకరోజు పైఅధికారి వచ్చి ఒక బుడ్డోణ్ణి లెక్కపెట్టమంటే వాడు చేతులు కట్టుకుని, "లాబం, రెండు, మూడు" అని మొదలుపెట్టాడు. ఆయన నవ్వేశాడు కాబట్టి బతికిపోయాను.

ఇంకో విషయంలో కూడా వాదించాను. కాలనీలో ఎక్కడ చూసినా విరిగిన అగ్గిపుల్లలే. మందు అద్దని ఉత్త పుల్లలు, డబ్బాలకొద్దీ ఉత్తినే దొరుకుతాయి. గింజలైతే ముక్కులో పెట్టుకుంటారు, నోట్లో వేసుకుంటారు. పుల్లలు తెచ్చి పదేసి కట్టలు కట్టిస్తే లెక్క తేలిగ్గా వస్తుంది కదా అన్నాను. ఆవిడ ఎప్పుడూ నాకు ఎదురుచెప్పేది కాదు, నెమ్మదిగా నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

"పుల్లలు వద్దు మేడమ్. చేతులకి అలవాటైపోతాది."

ఆ మాట అర్థమయ్యేంత తెలివి నాకు లేదు. ఒక నెల పోయాక ఒక పిల్లాడు నిజంగానే మినపగింజ ముక్కులో దూర్చుకున్నాడు. తుమ్మితే వచ్చేసింది, పెద్ద ప్రమాదమేం కాలేదు. నాకు మాత్రం సందు దొరికింది. గింజలన్నీ ఆపేయండి, డబ్బా కూడా తీసేయండి, రిజిస్టరు చూసి తలలు లెక్కపెట్టండి అని రాతపూర్వకంగా ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుంది. "సరి మేడమ్" అంది.

ఒక్క విషయం మరిచిపోయాను. ఆ డబ్బాలో నాకూ ఒక గింజ ఉండేది. నేను వెళ్ళిన మొదటి రోజే ఆవిడ ఒక గచ్చకాయ నా చేతిలో పెట్టింది. బూడిద రంగులో, గుండ్రంగా, నున్నగా ఉంది. "ఈ గడప లోపలికి వచ్చినోళ్ళంతా వెయ్యాల. మీరు కూడా బస్సులో అంత దూరం పోతారు గదా" అంది. చాదస్తం అనుకుంటూ వేసేదాన్ని. బస్సు తొందరలో సగం రోజులు తీసుకోకుండానే పరిగెత్తేదాన్ని. మరుసటిసారి వెళ్ళేసరికి ఆవిడ మొహం చూడాలి. "ఇల్లు చేరినారా? నాకు నిద్ర లేదు" అని, తప్పు చేసిన పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేది.

ఇక ఆ రోజు సంగతి.

నెలకోసారి తూకం. దూలానికి తక్కెడ కట్టి, కింద వేలాడే గుడ్డ ఉయ్యాల్లో పిల్లను కూర్చోబెట్టి బరువు రాసుకోవాలి. ఆ రోజు తల్లులు వస్తారు, చంకన చంటిపిల్లలు వస్తారు, తూకానికి సంబంధం లేనివాళ్ళు కూడా వస్తారు. గలాటా అంటే గలాటా. నేను పదింటికి మొదలుపెట్టి, మధ్యలో అన్నానికి ఆపి, మూడింటికి ముగించాను. సాయంత్రం నాలుగున్నర బస్సు అందుకోవాలి. నాలుగింటికి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, చూపుడువేలు చాపి, అందరి ముందూ తలలు లెక్కపెట్టాను. ఇరవై మూడు. రిజిస్టరులో హాజరు ఇరవై మూడు.

"చూశావా అక్కా, ఎంత సుళువో" అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. పొయ్యి వెనక్కి వెళ్ళి, బొగ్గుల బుట్ట కింద నుంచి పాలపొడి డబ్బా తీసింది.

"తప్పు నాదే అనుకోండి మేడమ్. నేను ఆపలేదు."

నాకు కోపం నషాళానికి అంటింది. నేను ఏదో అనేలోపు పిల్లలు డబ్బా చుట్టూ చేరి ఎవరి గింజ వాళ్ళు ఏరుకున్నారు. అందరూ తప్పుకున్నాక, ఎప్పుడో నేను తీసుకోకుండా వదిలేసిన గచ్చకాయ కాక అడుగున ఇంకొకటి మిగిలింది. నల్లగా మెరిసే కుంకుడు గింజ. గోడ పక్కన రెండున్నరేళ్ళ పిల్లాడొకడు ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాడు. వాడు బాలవాడి పిల్లాడే కాదు. ఏ తల్లి వెంటో వచ్చి, ఆమె మరిచిపోతే అక్కడే ఉండిపోయాడు. నా ఇరవై మూడులో వాడొకడు.

"చెయ్యి లేని గింజ ఒకటి. గింజ లేని చెయ్యి ఒకటి" అంది ఆవిడ. గొంతు చాలా మెల్లగా ఉంది.

కుంకుడు గింజ నాలుగేళ్ళ పాపది. ఎప్పుడూ మూతి బిగించుకుని, చేటలో గింజల్ని అందరికంటే ముందే వేరుచేసి కూర్చునే పిల్ల. తల్లి లేదు, అవ్వ పెంచుతోంది.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. నా వైపు తిరిగింది. "మేడమ్, పాపను ఎన్నింటికి తూచినారు?"

రిజిస్టరు తెరిచాను. ఆ పేరు చివరి నలుగురిలో ఉంది. పక్కన బరువు కూడా ఉంది. "మూడింటికి" అన్నాను.

"అట్లయితే గంటే అయ్యింది. దూరం పోయుండదు" అని ఆవిడ కుంకుడు గింజను కొంగున ముడివేసుకుని బయటికి ఉరికింది. గంటలో నాలుగేళ్ళ పిల్ల ఎంత దూరం పోతుంది? వెనక నల్లరేగడి చేను ఉంది. చేను మధ్యలో గట్టు లేని నేలబావి ఉంది. ఆ ఏడు వానలు బాగా పడి బావి నిండా నీళ్ళున్నాయి. అందరి కాళ్ళూ అటే పరిగెత్తాయి. కొడుకును తీసుకుపోవడానికి వచ్చిన ఒకాయన చొక్కా విప్పి, నడుముకు తాడు కట్టుకుని బావిలోకి దిగాడు. ఆయన మునిగినప్పుడల్లా ఆవిడ బొటనవేలు కణుపుల మీద పరిగెత్తేది. తేలగానే ఆగేది.

నేను బావి ఒడ్డున రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. ఆ రిజిస్టరులో ఉన్నది అబద్ధం. మూడింటికి ఆ పిల్ల పేరు మూడుసార్లు పిలిచాను. పలకలేదు. ఎక్కడో ఆడుకుంటోందిలే అనుకుని, కిందటి నెల బరువుకు వంద గ్రాములు కలిపి రాసేశాను. బస్సు తొందర. అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పనే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయన రెండోసారి మునిగాడు. చెప్పాలి. ఉద్యోగం పోతుందని భయం. ఇంత రాసి దాన్ని దాచడమెందుకు, బావి పక్కన నిలబడి నేను నా ఉద్యోగం గురించే ఆలోచించాను. మూడోసారి మునిగినప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, నేను ఆ పాపను తూచలేదు."

ఆవిడ నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఏదో లెక్క మళ్ళీ మొదటి నుంచి వేస్తున్నట్టు రెప్ప వేయకుండా చూసింది.

"అట్లయితే పొద్దున్నించి లేదు. అన్నం పెట్టేటప్పుడు కంచాలు సరిపోయినాయి అనుకుంటినే, దాని కంచంలో ఆ పిల్లోడు తిన్నాడు" అంది. "పొద్దున బాలవాడి ముందర తీపెట్టి ఆపీసుకు నడిచిపోయేది దాని అవ్వ."

అప్పటికే వెనక్కి తిరిగి పరిగెత్తుతోంది. ఆ వయసులో, ఆ చెప్పుల్లేని కాళ్ళతో, పత్తి మోళ్ళ మీద. నేను వెనక పరిగెత్తాను. రోడ్డు దాటి, కాలనీ దాటి, రేకుల షెడ్డు ముందు ఆగాం. లోపల జిగురు వాసన, మందు వాసన. వరసగా ఆడవాళ్ళు కూర్చుని చెక్కల సందుల్లో పుల్లలు పేరుస్తున్నారు. అవ్వ కాళ్ళ దగ్గర, నేల మీద, కుంకుడు గింజ పాప.

బతికే ఉంది. మా వైపు తలెత్తి కూడా చూడలేదు, అంత పనిలో ఉంది. ముందు చేటలో పుల్లలు. పక్కన మూడు కుప్పలు. మంచివి, పొట్టివి, వంకరవి. రెండు వేళ్ళతో పుల్ల తీయడం, చూడడం, దాని కుప్పలో వేయడం. ఒక్కటి కూడా తప్పు పోవడం లేదు.

"పొద్దున నా వెనకాలే ఉరికి వచ్చేసింది" అంది అవ్వ. "తక్కెడలో వేలాడదీస్తారని బయమంట. అత్తకు చెప్పి వస్తినంటే నిజమనుకుంటి."

అంటే పొద్దున వచ్చి డబ్బాలో గింజ వేసింది, దూలానికి నేను కడుతున్న తక్కెడను చూసింది, వెళ్ళిపోయింది.

షెడ్డులో పని చూసే మనిషి దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో మెచ్చుకోలు తప్ప ఇంకేమీ లేదు. "ఎవరు నేర్పినారో గానీ ఆ చేతులు చూడండి! పెద్ద పిల్లలకి కూడా ఇంత నేర్పు రాదు. ఇంగో రెండేండ్లు పోతే దినమూ పంపించు అవ్వా."

ఆవిడ చేట ముందు కూలబడింది. ఒక్క క్షణం ఆ మూడు కుప్పల్ని చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి మూడింటినీ కలిపేసింది. మంచివీ పొట్టివీ వంకరవీ అన్నీ ఒకటిగా కలిసిపోయేదాకా కలిపింది. పాప మూతి బిగించింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతసేపు కష్టపడి చేసిన పని పాపం! ఆవిడ కొంగుముడి విప్పి కుంకుడు గింజ తీసింది.

"నీది తీసుకో" అంది. పాప తీసుకుంది.

బస్సు స్టాపు దాకా నాతో నడిచింది. దారిలో ఒక్క మాటే అంది. "ఆ బరువును కొట్టేయండి మేడమ్. తూచలేదు గదా."

కొట్టేస్తాను అన్నాను. కొట్టేయలేదు. కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని పైవాళ్ళు అడుగుతారు. అది అలాగే పైకి పోయింది, కూడికల్లో కలిసిపోయింది. మరుసటి నెల రిజిస్టరు తెరిచినప్పుడు ఆవిడ ఆ గడి వైపు చూసి, నా వైపు చూసి, చేటలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది. అంతే. ఆ తర్వాత నేను ఆ గడపలో కూర్చోలేకపోయాను. ఎవరెవరి చుట్టూనో తిరిగి విరుదునగర్‌లో ఆఫీసు పనికి బదిలీ చేయించుకున్నాను. ఆఖరి రోజు కాగితాలు ఇవ్వడానికి వెళ్ళి, అలవాటుగా గచ్చకాయ డబ్బాలో వేశాను. వచ్చేటప్పుడు ఆవిడ పిల్లలకు అన్నం పెడుతోంది. చెప్పకుండా వచ్చేశాను.

చాలా ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు నా బల్ల మీదికి అన్ని బాలవాడుల నుంచి అంకెలు వస్తాయి. కూడడం నా పని. మొత్తం సరిపోయినప్పుడల్లా నాకు గాభరా పుడుతుంది. సరిపోకపోతేనే కాస్త నయం, కనీసం వెతుకుతారు. పక్క కుర్చీలో అమ్మాయి నన్ను చూసి నవ్వుతుంది.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం బడి యూనిఫాంలో ఒక అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదువుతున్నానంది. మూతి బిగించి నిలబడ్డ తీరు చూసి గుర్తుపట్టాను. ఆ షెడ్డుకు పోలేదన్నమాట. అడిగితే తల అడ్డంగా ఊపింది.

"అత్త పోనీలేదు. అవ్వతో దినమూ జగడం. బడిలో చేర్చి, బడి గేటు దాకా తానే వచ్చేది" అంది. సంచి ముందుకు జరుపుకుని, "అత్త చనిపోయింది మేడమ్. పదహారు దినాలు అయింది" అంది.

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. సంచిలోంచి గుడ్డముడి తీసి బల్ల మీద పెట్టి విప్పింది.

"డబ్బాలో ఇదొక్కటే ఉండె. మా అందరివీ మేము తీసుకున్నాము. రిటైర్ అయినాక కూడా డబ్బా ఇంటికి తెచ్చి పెట్టుకొనె. దాన్ని బోర్లించేదే లేదు. ఎవరిది అత్తా అంటే, మేడమ్‌ది, ఇంగా ఇల్లు చేరలేదు అనేది."

గచ్చకాయ అరిగి ఇంకా నున్నగా అయింది. ఎన్నిసార్లు చేతిలోకి తీసి చూసిందో మరి. అమ్మాయి దాన్ని నా వైపు జరిపింది.

"తీసుకోండి మేడమ్. మీరే తీసుకోవాల, నేను ఇవ్వకూడదు."

తీసుకున్నాను. అమ్మాయి ఊపిరి పీల్చుకుని, బస్సుకు టైమయిందని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బస్సెక్కలేదు. ఇల్లు రెండు మైళ్ళే. గచ్చకాయను గుప్పిట్లో పట్టుకుని నడిచాను. తాళం తీసి లోపలికి వెళ్ళి, దీపం వేసి నిలబడ్డాను. ఇల్లు చేరాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు.